నకలు నేర్పే చదువు

అజంతా గుహలో అద్దం చూసుకుంటున్న రాకుమారి నిర్మల్ చెక్క మీదికి ఎలా వచ్చింది? నలుగురైదుగురు మనుషులున్న పాత చిత్రాన్ని చూసి వేస్తే ఆయిల్ పెయింటింగ్ వస్తుందా? 'కాపీ' అని మనం చిన్నచూపు చూసే పని వెనక ఉన్న పెద్ద చదువు ఇది.

'బాగుందిరా... సొంతంగా వేశావా, చూసి వేశావా?'

ఇంట్లో పిల్లాడు బొమ్మ వేసి చూపిస్తే చుట్టాలు మొదట అడిగే ప్రశ్న ఇదే. 'చూసి వేశాను' అన్నాడో, కాగితం పక్కన పెట్టేసి కాఫీ గ్లాసు అందుకుంటారు. అదే పిల్లాడు త్యాగరాజ కీర్తన పాడితే మాత్రం 'సొంతంగా కట్టావా, విని నేర్చుకున్నావా?' అని ఎవరూ అడగరు. పాటలో పెద్దలు నడిచిన దారిలో నడిస్తే విద్య. బొమ్మలో అదే పని చేస్తే కాపీ!

ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, దీనివల్ల నష్టపోయిన ఊరు ఒకటి మన దగ్గరే ఉంది. తరతరాలుగా చూసి వేయడాన్నే చదువుగా నమ్ముకున్న ఊరు. దాని పేరు నిర్మల్.

గోదావరి దాటగానే...

హైదరాబాద్ నుంచి నాగపూర్ వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద, సోన్ దగ్గర గోదావరి దాటితే నిర్మల్ వచ్చేస్తుంది. 2016 అక్టోబరు దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. ఇప్పుడు తనే ఓ జిల్లా కేంద్రం. ఊరి చుట్టూ బత్తీస్‌గఢ్, శ్యాంగఢ్ లాంటి పాత కోటలు. ఒకప్పుడు ఇక్కడ ఫిరంగులు పోతపోసేవారు. ఆ ఫిరంగులు చరిత్రలో కలిసిపోయాయి. మిగిలింది బొమ్మలు, చిత్రాలు.

నిర్మల్ అనగానే అందరికీ కొయ్య పండ్లు, పక్షులు, జంతువులే గుర్తొస్తాయి. తేలికైన పొనికి చెక్కను చెక్కి, చింతగింజల జిగురుకు రంపపు పొట్టు కలిపిన లప్పంతో అతుకులు వేసి, నున్నగా చేసి రంగులద్దుతారు. ఆ బొమ్మల పక్కనే పెరిగిన మరో శాఖ నిర్మల్ చిత్రాలు. నల్లటి నేపథ్యం, దాని మీద మెరిసే బంగారు రంగు, సన్నటి గీతల్లో స్త్రీ పురుషులు. రామాయణ, భారత ఘట్టాలు, రాధాకృష్ణులు, మొఘల్ దర్బారులు, అజంతా రాకుమార్తెలు... పాత తరం ఇళ్లలో ముందుగది గోడ మీద ఇవి తప్పకుండా కనిపించేవి.

ఈ పని చేసేవారిని నకాషీలంటారు. నక్కాష్ అంటే చిత్రకారుడు, చెక్కడం పనివాడు. చేర్యాల పటాలు వేసేవారూ నకాషీలే. పదిహేడో శతాబ్దంలో ఈ ప్రాంతాన్ని ఏలిన నిమ్మనాయుడు ఈ కళాకారులను ఇక్కడికి రప్పించాడనీ, ఊరికి ఆయన పేరు మీదే నిర్మల్ అని వచ్చిందనీ స్థానికంగా చెప్పుకొంటారు. నిజాం ఓసారి ఊరికి వచ్చినప్పుడు ఇక్కడి కళాకారులు అరటిపువ్వు లాంటిది తయారుచేసి పైన వేలాడదీశారట. అది విచ్చుకుని ఆయన మీద బంగారు రేకులు కురిశాయట. ఆ రేకులు నిజంగా బంగారమేమో అనిపించేలా పూత వేశారని కథ. మూలికల రసంతో బంగారు మెరుపు తెప్పించే విద్య ఈ ఊరి రహస్యమని పెద్దలు గర్వంగా చెబుతారు.

ఒకే ఇంట్లో రెండు ప్రేమలు

మరి అజంతా రాకుమారి ఈ ఊరి చెక్క మీదికి ఎలా వచ్చింది?

అజంతా ఇప్పుడు మహారాష్ట్రలో ఉంది కాబట్టి మనకు దూరంగా అనిపిస్తుంది గానీ, నిజాం కాలంలో నిర్మల్, అజంతా రెండూ ఒకే సంస్థానంలోవి. హైదరాబాద్ సంస్థానంలో 1914లో పురావస్తు శాఖ ఏర్పడటం వెనక, ఆ తర్వాత అజంతాను కాపాడే పని ముందుకు సాగడం వెనక ఉన్న ముఖ్యుల్లో సర్ అక్బర్ హైదరీ ఒకరు. ఆయన భార్య లేడీ హైదరీకి నిర్మల్ పనితనమంటే ఇష్టం. ఆదరణ లేక చేతులు ముడుచుకుంటున్న నిర్మల్ కళాకారులను 1930లలో హైదరాబాద్‌కు రప్పించి పని చూపించింది ఆమే. తర్వాతి కాలంలో ఖైరతాబాద్‌లోని నిర్మల్ ఇండస్ట్రీ ఆ పనికి చిరునామా అయింది. అటు నిర్మల్‌లో 1955లో కళాకారుల సహకార సంఘం ఏర్పడింది.

భర్త మనసు అజంతా మీద, భార్య మనసు నిర్మల్ మీద! ఒకే ఇంటికి చెందిన ఈ రెండు ఇష్టాలు నిర్మల్ చెక్కల మీద కలిశాయి అనుకోవచ్చు. అజంతా, మొఘల్ చిత్రాల నమూనాలు నిర్మల్ చిత్రకారుల చేతికి బాగా అలవాటయ్యాయి.

అయితే చూసి వేయడం అక్కడ మొదలైంది కాదు. అజంతా కథ మొత్తం నకళ్ల కథే.

కాలిపోయిన ఇరవై ఏళ్ల కష్టం

1819లో వేటకు వచ్చిన జాన్ స్మిత్ అనే ఆంగ్ల సైనికాధికారి కంట అజంతా గుహలు పడ్డాయి. ఆ గోడల మీది చిత్రాలు రాలిపోతున్నాయి. ఫొటోల్లో రంగులు పట్టే రోజులు కావు. కాపాడుకోవాలంటే ఒకటే దారి... చూసి వేయడం. ఆ పని మీద మద్రాసు సైన్యానికి చెందిన రాబర్ట్ గిల్ 1844లో నియమితుడయ్యాడు. అడవిలో, గుహల చీకట్లో దాదాపు ఇరవై ఏళ్లు పెద్దపెద్ద కాన్వాసుల మీద తైలవర్ణాలతో నకళ్లు తీశాడు. వాటిని లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్‌లో ప్రదర్శనకు పెట్టారు. 1866 డిసెంబరులో అక్కడ అగ్నిప్రమాదం జరిగి, నాలుగైదు తప్ప అన్నీ బూడిదయ్యాయి!

మళ్లీ మొదలు. బొంబాయి ఆర్ట్ స్కూలు అధ్యాపకుడు జాన్ గ్రిఫిత్స్ 1872లో తన విద్యార్థులను వెంటబెట్టుకుని అజంతా వెళ్లాడు. 1885 దాకా విడతలు విడతలుగా ఆ పని సాగింది. కాన్వాసు, తైలవర్ణాలు, ఎదురుగా గుంపులు గుంపులుగా మనుషులున్న గోడ. ఆ కుర్రాళ్లు ఆయిల్ పెయింటింగ్‌లో రాటుదేలింది అక్కడే. వాళ్లలో ముందు నిలిచిన పెస్తోంజీ బొమాంజీ తర్వాత బొంబాయిలో పేరున్న చిత్రకారుడయ్యాడు. విచిత్రం ఏంటంటే, లండన్ పంపిన ఈ నకళ్లలో కూడా చాలా భాగం 1885లో మరో అగ్నిప్రమాదంలో పోయాయి.

మూడోసారి 1909లో. క్రిస్టియానా హెరింగ్‌హామ్ అనే ఆంగ్ల చిత్రకారిణి వచ్చింది. ఇటలీ పాత చిత్రాలకు నకళ్లు తీయడంలో ఆమె అప్పటికే చేయి తిరిగినది. ఆమెకు సాయంగా కలకత్తా నుంచి నందలాల్ బోస్, అసిత్ కుమార్ హల్దార్ లాంటి యువకులు, హైదరాబాద్ నుంచి సయ్యద్ అహ్మద్, ఫజలుద్దీన్ వెళ్లారు. ఈసారి వాడింది నీటి రంగులు. ఆ శ్రమ 1915లో పుస్తకంగా వచ్చింది.

ఆ తర్వాత ఏమైందో చూడండి. సయ్యద్ అహ్మద్ జీవితమంతా అజంతాతోనే ముడిపడింది. ఆయన పర్యవేక్షణలో జలాలుద్దీన్ తీసిన నకళ్లతో హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని ప్రదర్శనశాలలో ఏకంగా ఒక గ్యాలరీ ఏర్పాటైంది. నందలాల్ బోస్ శాంతినికేతన్‌లో ఒక తరం చిత్రకారులకు గురువయ్యాడు. ఆ గురువు దగ్గరికి ఓరుగల్లు ప్రాంతం నుంచి వెళ్లి నేర్చుకుని వచ్చినవారే మన కొండపల్లి శేషగిరిరావు (1924-2012). అజంతా గోడ ముందు కూర్చుని చూసి వేసిన ఓ కుర్రాడి చదువు, చివరికి తెలంగాణ పల్లె కుర్రాడి కుంచెలోకి దిగింది. నకలు తీసినవాళ్లు నకలు దగ్గరే ఆగిపోలేదు.

ప్రపంచమంతా ఇదే తంతు. యూరప్‌లో రూబెన్స్ పేరు మార్మోగుతున్న రోజుల్లో, యాభై దాటిన వయసులో మాడ్రిడ్ వెళ్లి, టిషియన్ చిత్రాల ముందు విద్యార్థిలా కూర్చుని నకళ్లు తీశాడు. టిషియన్ వేసిన ఆదాము-అవ్వల చిత్రాన్ని చూసి వేస్తూ, అందులో లేని చిలకను ఒకదాన్ని చేర్చాడు. ఇప్పటికీ అసలూ నకలూ రెండూ మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలోనే ఉన్నాయి. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో నేటికీ అనుమతి తీసుకుని నకళ్లు వేసుకోవచ్చు. ఒకటే షరతు... కొలతలు అసలుకు సమానంగా ఉండకూడదు. కనీసం ఐదో వంతు పెద్దదో చిన్నదో కావాలి. నకలును నకలుగా చెప్పుకొంటే తప్పు లేదు. అసలని అమ్మితేనే మోసం!

ఒక్కరు కాదు, నలుగురు

ఆయిల్ పెయింటింగ్ నేర్చుకునేవారు మొదట యాపిల్ పండు, పూలకుండీ వేస్తారు. తర్వాత ఒక మొహం. అక్కడిదాకా బాగానే ఉంటుంది. అసలు పరీక్ష నలుగురున్న చిత్రంతోనే మొదలవుతుంది. ఒక్క మనిషిని వేస్తే పోలిక చాలు. నలుగురిని వేస్తే ఆ నలుగురి మధ్య ఏం జరుగుతోందో పట్టుకోవాలి.

అజంతా పదిహేడో గుహలోని రాకుమారి అలంకరణ చిత్రాన్నే తీసుకుందాం. నడుము వంపు తిప్పి నిల్చున్న రాకుమారి చేతిలో అద్దం. అటూ ఇటూ అలంకరణ సామగ్రితో చెలికత్తెలు. పక్కన ఒక మరుగుజ్జు పరిచారిక. నిర్మల్ చెక్కల మీద మళ్లీ మళ్లీ కనిపించే అజంతా స్త్రీల తీరు ఇదే. దీన్ని కాన్వాసు మీదికి ఎలా తెస్తారో మెట్టు మెట్టుగా చూద్దాం.

మొదటి రోజు కుంచె ముట్టుకోకూడదు. చూడాలి, అంతే. ఎవరు ఎటు చూస్తున్నారు? ఎవరి తల ఎత్తులో ఉంది, ఎవరిది కింద ఉంది? నాలుగు తలలను కలుపుతూ ఊహలోనే గీత గీస్తే ఏ ఆకారం వస్తోంది? ఈ లెక్క తేలకుండా గీత మొదలుపెడితే నలుగురు మనుషులు వస్తారు గానీ, చిత్రం రాదు.

రెండోది గళ్లు. ఆరంగుళాల వెడల్పు, ఎనిమిదంగుళాల ఎత్తున్న అచ్చుబొమ్మ మీద అంగుళం గళ్లు గీస్తే 48 వస్తాయి. పద్దెనిమిదంగుళాల వెడల్పు, ఇరవై నాలుగంగుళాల ఎత్తున్న కాన్వాసు మీద మూడంగుళాల గళ్లు గీస్తే అవీ 48. ఇక ఏ గడిలో ఏముందో ఆ గడిలో దింపడమే. నిర్మల్ కార్ఖానాల్లో దీనికి ఇంకో దారి ఉంది. పల్చటి కాగితం మీద నమూనా గీసుకుని, తెల్లటి పొడి సాయంతో గీతలను నల్లటి చెక్క మీదికి దించుతారు. గళ్ల పద్ధతి కన్నుకు చదువు. అచ్చు దించే పద్ధతి చేతికి వేగం. నేర్చుకునేవాళ్లు గళ్లతోనే మొదలుపెట్టడం మేలు.

గీసేటప్పుడు ఒక చిట్కా. చెయ్యిని గీయొద్దు. చేతికీ నడుముకూ మధ్య ఉన్న ఖాళీని గీయండి. మన బుర్రకు చెయ్యి ఎలా ఉంటుందో ముందే తెలుసు కాబట్టి చూడకుండా గీసేస్తుంది. ఖాళీ ఎలా ఉంటుందో దానికి తెలీదు. అందుకే బుద్ధిగా చూస్తుంది. గుంపు బొమ్మల్లో మనుషుల కంటే మనుషుల మధ్య ఖాళీలే ఎక్కువ నేర్పుతాయి.

మూడోది నీడ పొర. అంబర్ అనే మట్టిగోధుమ రంగును టర్పెంటైన్‌తో పల్చన చేసి, ఆ ఒక్క రంగుతోనే చిత్రమంతా వేస్తారు. ఎక్కడ చీకటి, ఎక్కడ వెలుగు... అంతే. ఈ రంగు త్వరగా ఆరుతుంది కాబట్టి పై పొరలకు ఇబ్బంది ఉండదు. ఈ దశలో నలుగురూ కలిసి ముందుకు రావాలి. కొత్తవాళ్లు చేసే పెద్ద పొరపాటు, రాకుమారి మొహాన్ని కళ్లూ కనుబొమలతో సహా పూర్తిచేసి తర్వాత మిగతావాళ్ల దగ్గరికి రావడం. అప్పటికి మొహం ఎంత ముద్దొచ్చినా అది అరంగుళం పక్కకు ఉందని తెలుస్తుంది. చెరపడానికి చేతులు రావు!

నాలుగోది రంగు. అజంతా చిత్రకారులు వాడినవి ఎక్కువగా మట్టి రంగులే. పసుపు మట్టి, కావి, ఆకుపచ్చ మట్టి, దీపపు మసి, సున్నపు తెలుపు. నీలానికి మాత్రం దూరదేశం నుంచి వచ్చిన లాజవర్దం రాయి. కాబట్టి నకలుకు ఇరవై ట్యూబులు అక్కర్లేదు. పసుపు ఓకర్, ఎర్ర ఓకర్, అంబర్, నలుపు, తెలుపు, ఒక నీలం... ఆరు చాలు. నలుగురి ఒంటి ఛాయలూ వేరువేరుగా ఉంటాయి గానీ, అన్నీ ఈ ఆరు రంగుల్లోంచే పుట్టాలి. అప్పుడే నలుగురూ ఒకే గదిలో ఉన్నట్టుంటుంది.

ఇక్కడే నూనె రంగుకూ నిర్మల్ రంగుకూ తేడా తెలుస్తుంది. నిర్మల్ చిత్రకారులు ఒకప్పటి మూలికల, ఖనిజాల రంగులను వదిలి డ్యూకో రంగులకు మళ్లారు. డ్యూకో నిజానికి 1920లలో అమెరికాలో కార్ల కోసం వచ్చిన రంగు. మెక్సికోలో సికీరోస్ అనే గొప్ప చిత్రకారుడూ ఇలాంటి కార్ల రంగులతోనే ప్రయోగాలు చేశాడు. ఇది నిమిషాల్లో ఆరిపోతుంది. అందుకే చెక్క మీద రంగులో రంగు కలపడానికి సమయం ఉండదు. ప్రతి ఛాయనూ ముందే కలిపి పెట్టుకుని, తడబడకుండా ఒక్క దెబ్బలో వేయాలి. అవిసె నూనెతో చేసే ఆయిల్ రంగు అలా కాదు. అది ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది. పల్చటి పొరకు ఒకటి రెండు రోజులు, మందపు పొరకు వారాలు. చెంప మీద వెలుగును నీడలోకి మెత్తగా కలపడానికి కావాల్సినంత తీరిక. ఆ తీరికే కొత్తవాళ్లకు ఉచ్చు కూడా. రుద్దీ రుద్దీ చివరికి అన్ని రంగులూ కలిసి బురదవుతాయి.

ఐదోది నగలు, కళ్లు, గీత. ఇవి ఎప్పుడూ చివరే. అజంతా మనుషుల ప్రాణమంతా గీతలో ఉంటుంది. నూనె రంగు చేతిలో ఉంది కదా అని ఒక పక్క నుంచి ఎండ పడినట్టు గాఢమైన నీడలు వేస్తే రాకుమారి కాస్తా ఫొటో స్టూడియోలో నిల్చున్నట్టు తయారవుతుంది. చూసి వేయడంలో కష్టమైన పాఠం ఇదే... మనకు చేతనైనదంతా చూపించకుండా, ఎదుటి చిత్రకారుడు ఎక్కడ ఆగాడో అక్కడ ఆగడం.

అన్నీ అయ్యాక రాకుమారి లాగే మీరూ ఒక అద్దం తెచ్చుకోండి. చిత్రాన్ని అద్దంలో తిరగేసి చూడండి. ఇన్నాళ్లూ కంటికి అలవాటైపోయిన తప్పు, కుంగిన భుజమో వాలిన కన్నో, అక్కడ ఇట్టే దొరికిపోతుంది.

బడే బందిఖానా అయితే?

ఇంతవరకూ చదివాక ఒక ప్రశ్న రావాలి. చూసి వేయడం అంత మంచి చదువైతే, అది తరతరాలుగా చేసిన నిర్మల్ నుంచి నందలాల్ బోసులు ఎందుకు పుట్టుకురాలేదు?

చేతిలో పని లేక కాదు. నల్లటి చెక్క మీద తడబాటు లేకుండా నుదుటి నుంచి గడ్డం దాకా ఒకే గీతలో లాగే చెయ్యి ఏ ఆర్ట్ కాలేజీ చేతికీ తీసిపోదు. తేడా ఆ తర్వాతి మెట్టులో ఉంది. బొంబాయి విద్యార్థి అజంతా నుంచి తిరిగొచ్చాక 'ఇప్పుడు నీ బొమ్మ వెయ్యి' అనేవాళ్లున్నారు. కొనేవాళ్లున్నారు. నిర్మల్ చిత్రకారుడికి వచ్చిన గిరాకీ అంతా 'పోయినసారి ఇచ్చినట్టే పాతిక చెక్కలు' అనే తీరులోనిది. చెక్కకు ఇంతని కూలి. అలాంటప్పుడు కొత్తది వేసి, అది అమ్ముడుపోకపోతే ఆ నష్టం ఎవరు భరించాలి? ఇల్లు నడవాలంటే రాకుమారి అద్దం దించకూడదు. ఇరవై ఏళ్లు అలాగే చూసుకోవాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. అజంతాను చూసి వేసిన నకలు ఒకటి. ఆ నకలును చూసి వేసింది రెండోది. దాన్ని చూసి కొడుకు, కొడుకును చూసి మనవడు... ప్రతి మెట్టులోనూ కొంచెం జారుతుంది. కన్ను కాస్త పెద్దదవుతుంది, నడుము కాస్త సన్నబడుతుంది, నలుగురి మధ్య ఉన్న చూపుల లెక్క చెదురుతుంది. చివరికి రాకుమారి మిగులుతుంది గానీ, ఆమె అద్దంలో ఏం చూసుకుంటోందో ఎవరికీ గుర్తుండదు. మందు ఒకటే. మళ్లీ అసలు దగ్గరికి వెళ్లడం. గ్రిఫిత్స్ చేసినా, హెరింగ్‌హామ్ చేసినా ఇదే... పాత నకళ్లను నమ్ముకోకుండా గోడ దగ్గరికే వెళ్లారు.

ఆ వెళ్లడంలోనూ ఒక హెచ్చరిక ఉంది. రంగులు స్పష్టంగా కనబడాలని పాతకాలపు నకలుదారులు, ఆ తర్వాత 1920-22 మధ్య నిజాం ప్రభుత్వం పిలిపించిన ఇటలీ నిపుణులు ఆ గోడలకు వార్నిష్, లక్క పూతలు పూశారు. మంచికే చేశారు. కాలం గడిచాక అవే పసుపెక్కి, నల్లబడి చిత్రాలను కప్పేశాయి. వాటిని తొలగించడానికి తర్వాతి తరాలు ఎన్నో ఏళ్లు కష్టపడాల్సి వచ్చింది. ప్రేమ ఎక్కువైనా అసలుకు ముప్పే!

నిర్మల్ బొమ్మలు, చిత్రాలు, ఫర్నిచర్... మూడింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. అంటే ఆ పేరు పెట్టుకుని ఇంకెవరూ అమ్మకూడదు. మంచిదే. కానీ ఆ ముద్ర పేరును కాపాడుతుంది, చేతిని కాపాడదు. పొనికి చెక్క దొరకడం కష్టమవుతోంది. పిల్లలు వేరే ఉద్యోగాల వైపు చూస్తున్నారు. వాళ్లను తప్పుపట్టే హక్కు మనకు లేదు. మన పిల్లాడైనా అదే కదా చేస్తాడు! అయితే ఆ చేతిలో ఉన్న చదువు ఆ చేతితోనే ముగిసిపోనక్కర్లేదు. పట్నంలో వారాంతపు తరగతులకు డబ్బు కట్టి మనం నేర్చుకుంటున్న పాఠం, నిర్మల్ ఇళ్లలో అన్నం తింటూ నేర్చుకున్నదే. ఆ ఇంటి పెద్దను పనివాడిగా కాకుండా పంతులుగా పిలిస్తే, పిల్లలను ఆయన ముందు కూర్చోబెడితే, ఒక తరం చదువు మరో తరానికి దారి దొరికించుకుంటుంది.

కొనేవాళ్లూ ఓ పని చేయొచ్చు. నిర్మల్ వెళ్లినప్పుడు పది ఒకేలాంటి చెక్కల్లోంచి ఒకటి ఏరుకుని బేరమాడే బదులు, 'ఇవి కాకుండా మీకు నచ్చి వేసుకున్నదేమైనా ఉందా?' అని అడిగి చూడండి. ఆ మాట అడిగేవాళ్లు పదిమంది ఉంటే, పదకొండో చెక్క మీద కొత్త బొమ్మ పుడుతుంది. రూబెన్స్ చిత్రంలోని చిలక లాగా.

ఈసారి పిల్లాడు బొమ్మ తెచ్చి చూపిస్తే 'చూసి వేశావా?' అని పెదవి విరవకండి. 'చూసి ఏం నేర్చుకున్నావు?' అని అడగండి. 'చెయ్యికీ నడుముకీ మధ్య ఖాళీ ఇలా ఉందమ్మా' అని వాడు చెప్పగలిగితే, వాడికి సగం చదువు వచ్చేసినట్టే. మిగతా సగం... రేపు వాడు ఆ రాకుమారి చేతిలోని అద్దంలో ఎవరి మొహం వేస్తాడో, అందులో ఉంటుంది.

ఇంట్లో మొదలుపెట్టాలంటే...

* నలుగురికి మించి మనుషులు లేని పాత చిత్రాన్ని ఎంచుకోండి. అచ్చు స్పష్టంగా, పెద్దగా ఉండాలి.

* కింది పొరల్లో టర్పెంటైన్ ఎక్కువ, పై పొరల్లో నూనె ఎక్కువ. ఇది తిరగబడితే పైపొర ముందుగా ఆరి, తర్వాత పగుళ్లు వస్తాయి.

* గది కిటికీలు తెరిచి ఉంచండి. టర్పెంటైన్ వాసన పిల్లలకు, ఉబ్బసం ఉన్నవారికి పడదు.

* అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకండి. వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. నీళ్లలో తడిపి, ఆరుబయట పరిచి ఆరబెట్టి పారేయాలి.

* చిత్రం పూర్తయిన వెంటనే వార్నిష్ వేయొద్దు. మందాన్ని బట్టి ఆరు నెలల నుంచి ఏడాది ఆగాలి.

* వెనక వైపు 'ఫలానా చిత్రానికి నకలు' అని రాసి, మీ పేరు, తేదీ వేసుకోండి. అది సిగ్గుపడే మాట కాదు. గురువు పేరు చెప్పుకోవడం లాంటిది.